రెండో గోల్‌కీపర్

"కింది వరుస చదవండి."

చదివాడు.

"ఇంకా కింది వరుస."

అదీ చదివాడు.

"దాని కింద?"

"దాని కింద చార్టు అచ్చేసిన ప్రెస్సు పేరుంది. అదీ చదవమంటారా?"

కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో పరీక్ష చేస్తున్న అమ్మాయి చేతిలో టార్చి దించి అతని మొహంలోకి అనుమానంగా చూసింది. సీజన్ మొదలయ్యే ముందు ఫుట్‌బాల్ క్లబ్బు తన ఆటగాళ్ళందరికీ కంటిపరీక్ష చేయిస్తుంది. పొద్దున్నుంచి ఇరవైమంది వచ్చి వెళ్ళారు. ఇతనే ఆఖరివాడు. ఆమెకి ఆకలిగా ఉంది, చిరాగ్గా కూడా ఉంది.

"బట్టీపట్టి వచ్చారా?"

"ప్రెస్సు పేరు ఎవరైనా బట్టీపడతారా అండీ?"

"సరే. మీరు ఆడేదెక్కడ? ముందా, వెనకా?"

"గోల్‌కీపర్ని."

"అబద్ధం!" అంది వెంటనే. "ఆ క్లబ్బు గోల్‌కీపర్ మా అన్నయ్య."

అతనికి నవ్వొచ్చింది. "కెప్టెన్ గారి చెల్లెలా మీరు? ఆయన మొదటి గోల్‌కీపర్ అండీ. నేను రెండో గోల్‌కీపర్ని."

"రెండో గోల్‌కీపర్ ఏం చేస్తాడు?"

"కూర్చుంటాడు."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కార్డు మీదికి వంగి ఏదో రాసి చేతికిచ్చింది. బయటికొచ్చి ఎండలో చదువుకున్నాడు. 'చూపు అద్భుతం. కూర్చోవడానికి ఇంత అక్కర్లేదు.'

గిరుక్కున వెనక్కి తిరిగి షాపులోకి వెళ్ళాడు.

"ఇది క్లబ్బులో ఇవ్వాలండీ."

"ఇవ్వండి."

"రెండో వాక్యం కొట్టెయ్యండి."

"తప్పు రాస్తే కొట్టేస్తాను. తప్పు రాశానా?"

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ వీధి మలుపు తిరిగేసరికి ఆ కోపం కాస్తా ఈలపాటగా మారిపోయింది.

అప్పటికి అతనికి ఇరవయ్యారేళ్ళు. క్లబ్బులో చేరి నాలుగేళ్ళు. ఆడిన మ్యాచ్‌లు మూడు. మిగతా ఆటగాళ్ళలో ఎవరు అలసిపోయినా, ఆట చెడినా బెంచి మీద ఉన్నవాడికి పది నిమిషాలైనా దొరుకుతాయి. గోల్‌కీపర్ సంగతి వేరు. మొదటివాడికి దెబ్బ తగిలితే తప్ప రెండోవాడు లేవడు. అందుకే జట్టులో అతని పేరు స్టెప్నీ. టైరు పంక్చరైతే గాని డిక్కీ తెరవరు కదా.

ప్రతిరోజూ అందరికంటే ముందు గ్రౌండుకి వస్తాడు. మోకాళ్ళు దోక్కుపోయేదాకా దూకుతాడు. మ్యాచ్ రోజున కెప్టెన్ ఒళ్ళు వేడెక్కేదాకా ఆయన మీదికి బంతులు కొడతాడు. ఈల మోగగానే కోటు తొడుక్కుని బెంచి చివర కూర్చుంటాడు. ఊళ్ళో ఉండే అక్క ఫోన్ చేసి, "ఇవాళ టీవీలో కనిపించావురా!" అనేది సంబరంగా.

"ఏం చేస్తూ?"

"ఆవలిస్తూ."

కెప్టెన్ మాత్రం అతన్ని ఒక్కరోజు కూడా స్టెప్నీ అనలేదు. "తమ్ముడూ" అనేవాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, భుజాలు తలుపంత వెడల్పు. బంతిని కాదు, కొట్టేవాడి తుంటిని చూడాలని నేర్పింది ఆయనే. "నేను పోయాక ఈ గోలు నీదే. తొందరపడి నన్ను తోసెయ్యకు" అని నవ్వేవాడు. అతనూ నవ్వేవాడు. ఆ నవ్వులో ఎంత పాలు నిజమో తనకే తెలిసేది కాదు.

ఆటగాళ్ళ కుటుంబాల సీట్లు సరిగ్గా బెంచి వెనకే. మొదటి మ్యాచ్‌కే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏమండీ, కాస్త పక్కకి జరుగుతారా? మా అన్నయ్య కనబడటం లేదు."

జరిగాడు.

"ఇంకాస్త."

"ఇంకాస్త జరిగితే కిందపడతానండీ."

"పడితే పడండి. లేవడానికి మీకు ఇంకో దారి లేదుగా."

పక్కనున్న ఆటగాళ్ళు పగలబడి నవ్వారు. రెండో మ్యాచ్‌కి ఆమె వేరుశనగకాయలు తెచ్చి, తొక్కలన్నీ వెనకనుంచి అతని కోటుకి కుట్టిన టోపీలో వేసింది. ఆట అయ్యాక టోపీ నెత్తిన పెట్టుకునేదాకా అతనికి తెలీదు. మూడో మ్యాచ్‌కి ఆమె రాలేదు. ఆ తొంభై నిమిషాలూ అతను కూర్చున్నచోటే పదిసార్లు వెనక్కి తిరిగి చూశాడు. కోచ్ విసుక్కున్నాడు: "ఆట ముందు జరుగుతోందయ్యా!"

వానలు పట్టుకున్నాయి. ఓ సాయంత్రం ట్రైనింగ్ ముగించుకుని తడుస్తూ వస్తుంటే, షాపు చూరు కింద గొడుగు లేకుండా నిలబడి ఉంది.

"గొడుగు తెచ్చుకోలేదా?"

"తెచ్చుకున్నాను. లోపల దాచాను."

"ఎందుకు?"

"మీరు ఇటే వెళ్తారని తెలుసు. గొడుగుంటే నేను వెళ్ళిపోవాలిగా."

అతనికి రాకెట్‌లా వచ్చే బంతికి ఎటు దూకాలో తెలుసుగానీ, ఇలాంటి మాటకి ఎటు దూకాలో ఎవరూ నేర్పలేదు.

"నేను కూర్చునేవాణ్ణండీ" అన్నాడు చివరికి.

"మా ఇంట్లో నిలబడేవాడు ఒకడున్నాడుగా. ఇంటికొస్తే ఆట తప్ప వేరే మాట ఉండదు. నాకు కూర్చునేవాళ్ళే ఇష్టం. కాసేపు మాట్లాడతారు."

ఆ వాన తగ్గేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ఆదివారాలు కెప్టెన్ ఇంట్లో భోజనం అలవాటైంది. కెప్టెన్ భార్య చురుకైన మనిషి. వడ్డిస్తూనే ఇద్దర్నీ గమనించేది. ఓ ఆదివారం గరిటె పట్టుకుని నిలబడి, "సీజన్ అయిపోనివ్వండి. మీ ఇద్దరి సంగతీ తేలుస్తాం" అంది.

ఆడపడుచు మొహం ఎర్రబడింది. "వదినా, నువ్వూరుకో!"

కెప్టెన్ గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "నా చెల్లెల్ని చేసుకునేవాడికి కనీసం బంతి పట్టుకోవడం రావాలి." అంటూ బల్లమీది నారింజపండు తీసి అతని వైపు విసిరాడు. అతను ఎడమచేత్తో పట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతను పండు తిరిగి కెప్టెన్ వైపు విసిరాడు. అది కెప్టెన్ ఎడమచెవి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలి కిందపడింది. కెప్టెన్ చెయ్యి కదలనే లేదు.

"విసిరేముందు చెప్పాలయ్యా" అన్నాడు కెప్టెన్ నవ్వుతూ.

ఆమె మాత్రం నవ్వలేదు.

మూడోరోజు మధ్యాహ్నం షాపు పక్కనున్న కాఫీ హోటల్‌కి అతన్ని రమ్మంది. చాలాసేపు చెంచాతో కప్పులో గిరగిరా తిప్పుతూ కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది.

"నిన్న షాపు మూసే వేళకి అన్నయ్యని బలవంతంగా రప్పించాను. ఎడమకంట్లో ప్రెషర్ చాలా ఎక్కువుంది. ఎప్పుడో ఆ కంటికి బంతి తగిలింది, గుర్తుందా? ఆ దెబ్బే. ఎడమపక్కనుంచి వచ్చేది ఆయనకి కనబడటం లేదు. సగానికి సగం పోయింది."

"సీజన్ ముందు పరీక్షలో బాగానే ఉందన్నావుగా?"

"గోడమీది అక్షరాలు చదవడానికి పక్కచూపు అక్కర్లేదు. ఎదురుగా ఉన్నది ఇప్పటికీ చదవగలడు." ఆమె చెంచా పక్కన పెట్టింది. "పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. చుక్కలమందు మాత్రం వేసుకుంటానన్నాడు. వదినకీ, క్లబ్బుకీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. తన తలమీద చెయ్యి పెట్టించి మరీ."

అతనికి భయమేసింది. కానీ ఆ భయం అడుగున ఇంకేదో సన్నగా మెరిసింది. నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్న గోలు. అది మెరిసినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"నీకు ఎందుకు చెప్పానో తెలుసా?" అంది ఆమె, అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ.

"తెలుసు. నామీద నమ్మకం." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నా నోటినుంచి ఒక్క మాట బయటికి రాదు. నామీద ఒట్టు."

ఆమె పెదవులు ఏదో అనబోయి ఆగిపోయాయి. చాలాసేపు అతన్నే చూసింది. తర్వాత తల దించుకుని చల్లారిన కాఫీ తాగేసింది. ఆ మౌనాన్ని అతను కృతజ్ఞత అనుకున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు కెప్టెన్ ఎడమకన్ను తనే అయ్యాడు. ట్రైనింగ్‌లో బంతి ఎడమనుంచి వస్తే ముందే కేకేసేవాడు. మ్యాచ్‌లో బెంచి చివరినుంచి "ఎడమ! ఎడమ!" అని గొంతు చించుకునేవాడు. స్టెప్నీకి ఈమధ్య హుషారెక్కువైందని జట్టువాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఓరోజు హెడ్ కోచ్ తన గదికి పిలిచాడు. తలుపు వేశాడు.

"ఐదు మ్యాచుల్లో నాలుగు గోల్సు ఎడమపక్కనుంచే పడ్డాయి. కెప్టెన్‌కి ఏమైంది? రోజూ పక్కనే ఉంటావు. నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఏదైనా ఉంటే చెప్పు."

ఒక్క మాట. ఆ మాటంటే వచ్చే శనివారం మొదటి నంబరు జెర్సీ తనది. ఆమె మొహం కళ్ళముందు కదిలింది. దాంతోపాటు డ్రెస్సింగ్‌రూమ్‌లో పదిమంది మొహాలూ కదిలాయి, 'సీటు కోసం అన్నలాంటివాణ్ణి పట్టించాడు' అంటూ.

"ఏం లేదు సార్. టైము బాగాలేదంతే."

గదిలోంచి బయటికొస్తుంటే, జీవితంలోకెల్లా పెద్ద గోలు ఆపినంత గర్వంగా అనిపించింది. ఆ సాయంత్రం ఆమెకి చెప్పాడు కూడా. "కోచ్ అడిగాడు. నేను చెప్పలేదు."

"అడిగాడా?" ఆమె మొహం పాలిపోయింది. "ఆయనే అడిగాడా?"

"అడిగినా చెప్పలేదు" అన్నాడు మళ్ళీ, మెచ్చుకుంటుందేమోనని.

తలనొప్పిగా ఉందని ఆమె తొందరగా వెళ్ళిపోయింది.

సీజన్‌లో ఆఖరి మ్యాచ్. గెలిస్తే లీగు కప్పు క్లబ్బుది. జట్టు ఒక్క గోలు ముందుంది. ఇంకా పాతిక నిమిషాలుంది. ఎడమ మూలనుంచి బంతి గాల్లోకి లేచింది. కెప్టెన్ కళ్ళు బంతి మీదే ఉన్నాయి. దూకాడు. ఎడమపక్కనుంచి ఎదురుజట్టు ఫార్వర్డ్ పరుగున వచ్చి అదే బంతికి ఎగిరాడు. చూసిన ఏ గోల్‌కీపరైనా చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. కెప్టెన్ పెట్టుకోలేదు. మోకాలు సరిగ్గా కంటి మీద తగిలింది.

ఆ చప్పుడు బెంచి దాకా వినిపించింది. "ఎడమ" అన్న కేక అతని గొంతులోనే ఉండిపోయింది.

వెనక సీట్లోంచి కెప్టెన్ భార్య అరుపు. స్ట్రెచర్. జెర్సీ మీద రక్తం. కోచ్ అతని భుజం పట్టి ఊపుతున్నాడు: "లే! గ్లవ్స్ వేసుకో!"

నాలుగేళ్ళలో నాలుగోసారి లేచాడు.

ఆ పాతిక నిమిషాలు అతను ఆడిన ఆట గురించి చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. దగ్గరనుంచి కొట్టిన మూడు బంతులు ఆపాడు. మూడోదైతే నేలమీద పడి ఉండి కాలితో ఆపాడు. స్టేడియం మొత్తం "స్టెప్నీ! స్టెప్నీ!" అని ఊగిపోయింది. అతనికి అదేమీ వినబడలేదు. ఈల మోగగానే, కప్పు అందుకుంటున్నవాళ్ళని వదిలేసి, బురద జెర్సీతోనే ఆసుపత్రికి పరుగెత్తాడు.

వరండా చివర బల్లమీద ఆమె ఒక్కతే కూర్చునుంది.

"గెలిచారా?"

"గెలిచాం."

"నువ్వు ఎన్ని ఆపావు?"

"అదంతా ఇప్పుడెందుకు? ఎలా ఉన్నాడు?"

"కన్ను పోయింది." అతని వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. ఆరోజు నీకు ఎందుకు చెప్పాననుకున్నావు?"

అతను ఆమె పక్కన బల్లమీద కూర్చున్నాడు.

"నేను చెప్పలేను. ఒట్టు వేశాను. చెల్లెల్ని. నువ్వయితే చెబుతావనుకున్నాను. చెబితే నీకు లాభం కూడా ఉంది కదా, ఎలాగైనా చెప్పేస్తావనుకున్నాను. నువ్వేమో నీమీద ఒట్టు అంటూ నా చెయ్యి పట్టుకున్నావు."

"అప్పుడే ఒక్క మాట అనుంటే..."

"అనలేకపోయాను. 'మా అన్నని పట్టించు' అని నా నోటితో ఎలా అనను? నీకే అర్థమవుతుందనుకున్నాను."

"నేను నీ కోసమే నోరు మూసుకున్నాను."

"నా కోసమా? నిజం చెప్పు." ఆమె గొంతు పెరగలేదు. అదే అతన్ని భయపెట్టింది. "సీటు కోసం చెప్పాడని నలుగురూ అంటారని భయపడ్డావు. అవునా కాదా?"

అవును.

"తప్పు నీ ఒక్కడిదే అనడం లేదు. నాదీ ఉంది. నిన్ను చూస్తే నా తప్పే కనబడుతుంది. అందుకే రావద్దు. ఇంటికీ రావద్దు, షాపుకీ రావద్దు."

పదిరోజుల తర్వాత కెప్టెనే కబురు పంపాడు. సగం మొహానికి కట్టు. అతన్ని మంచానికి కుడిపక్క కూర్చోమన్నాడు.

"నా కంటి సంగతి నీకు తెలుసట కదా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలలు."

కెప్టెన్ కిటికీ వైపు తిరిగాడు. "నిన్ను తిట్టే హక్కు నాకు లేదు. చీటీ జేబులో పెట్టుకుని తిరిగింది నేను. కానీ ఒక్క మాట తమ్ముడూ. నీ స్థానంలో నేనుంటే ఆరోజే కోచ్‌కి చెప్పేసేవాణ్ణి. నువ్వు తిట్టుకునేవాడివి. నేను నీ సీట్లో నిలబడి ఆడుకునేవాణ్ణి. నీకు కన్ను ఉండేది."

అంతే. ఆ తర్వాత మంచినీళ్ళిమ్మని అడిగాడు.

మొదటి నంబరు జెర్సీ అతనిదైంది. ఆరేళ్ళు ఆ గోలు ముందు నిలబడ్డాడు. పేపర్లలో ఫొటోలు పడ్డాయి. స్టెప్నీ అన్న పేరు మరుగునపడింది. అక్క ఫోన్ చేసి, "ఇప్పుడు టీవీలో ఆవలించడం లేదురా" అనేది. అతను ఊఁ కొట్టేవాడు. కెప్టెన్ కంటి సంగతి తెలిసీ సీటు కోసం కాచుక్కూర్చున్నాడని కొందరు గుసగుసలాడారు. చెబితే ఏమంటారని భయపడ్డాడో, చెప్పనందుకూ అదే అన్నారు.

ఆమె షాపు మానేసి వేరే ఊళ్ళో కంటాసుపత్రిలో చేరింది. కెప్టెన్‌కి క్లబ్బు టికెట్ల ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ఒకప్పుడు స్టేడియం నిండా తన పేరు మోగిన మనిషి, కిటికీ వెనక కూర్చుని టికెట్లు చింపి ఇచ్చేవాడు. వరండాలో ఎదురుపడితే ఇద్దరూ తలాడించుకునేవాళ్ళు. ఆదివారం భోజనాల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆరో ఏడు అతని కుడిభుజం మొరాయించింది. ముందు నొప్పి, తర్వాత పట్టేయడం. చెయ్యి తలకంటే పైకి లేవడం మానేసింది. కింది బంతులు బాగానే పట్టేవాడు. పై బంతుల్ని ఎడమచేత్తో తోసేసేవాడు. ఎవరూ కనిపెట్టలేదు. కప్పు ఫైనల్‌కి ఇంకా నాలుగు రోజులుంది. గెలిస్తే క్లబ్బు చరిత్రలో మొదటి జాతీయ కప్పు. అతనికి బహుశా ఆఖరి ఫైనల్.

మంగళవారం పొద్దున్న హెడ్ కోచ్ గది తలుపు తట్టాడు.

"సార్, నా కుడిచెయ్యి పైకి లేవడం లేదు. శనివారం నన్ను ఆడించకండి."

కోచ్ కాగితాల్లోంచి తలెత్తాడు. "ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు సార్. అందుకే నేను చెబుతున్నాను."

"ఇంజెక్షన్ వేయించుకుని ఒక్క మ్యాచ్ లాగించలేవా? ఇలాంటి మ్యాచ్ మళ్ళీ రాదు."

"రాదని తెలుసు. కానీ పైకొచ్చిన బంతి వదిలేస్తాను సార్."

శనివారం అతను మళ్ళీ బెంచి చివర కూర్చున్నాడు. అతని బదులు ఆడినవాడు ఎనభయ్యో నిమిషంలో పైకొచ్చిన బంతిని జారవిడిచాడు. ఒకటీ సున్నాతో కప్పు పోయింది. ఓడిపోతామని ముందే తెలిసి తప్పుకున్నాడనీ, పిరికివాడనీ తిడుతూ జనం వెళ్తూ వెళ్తూ అతని వైపు నీళ్ళసీసాలు విసిరారు. అతను కదలకుండా కూర్చున్నాడు. ఆశ్చర్యంగా, ఆరేళ్ళుగా మోస్తున్నదేదో కాస్త తేలికైంది. సంతోషం మాత్రం కాదు.

డాక్టర్లు ఇంక ఆడకూడదన్నారు. సోమవారం పొద్దున్న డ్రెస్సింగ్‌రూమ్‌లో ఒక్కడే అల్మారా ఖాళీ చేసుకుంటుంటే తలుపు దగ్గర అలికిడైంది.

ఆమె. కాస్త చిక్కింది. కళ్ళజోడు వచ్చింది. చెవుల పక్కన రెండు మూడు తెల్లవెంట్రుకలు. తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"అన్నయ్య చెప్పాడు. నువ్వే వెళ్ళి కోచ్‌కి చెప్పావట కదా?"

"చెప్పాను."

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు."

ఆమె లోపలికొచ్చి ఎదురుగా బల్లమీద కూర్చుంది. "రెండు సంబంధాలొచ్చాయి నాకు. మంచివాళ్ళే. వాళ్ళతో ఏ పేచీ లేదు. పేచీ లేదు కాబట్టే మాట్లాడడానికి కూడా ఏమీ లేకపోయింది. ఆరేళ్ళుగా పొద్దున్న లేచి పోట్లాడుకునేది నీతోనే. నా గదిలో, ఒక్కదాన్నే."

"ఎవరు గెలుస్తున్నారు?"

ఆమెకి నవ్వు రాబోయింది. రానివ్వలేదు. "హాస్యమాడకు. నేను క్షమించడానికి రాలేదు."

"నేను అడగలేదు."

"అడిగినా క్షమించలేను. నిన్నూ, నన్నూ కూడా. రేపు ఏమవుతుందో తెలీదు. ఎప్పటికీ ఇలాగే ఉంటుందేమో కూడా. ఆ మాట ముందే చెప్పాలనిపించింది. ఈసారి నీకే అర్థమవుతుందిలే అని ఊరుకోదలచుకోలేదు." కళ్ళజోడు సవరించుకుంది. "వదిన భోజనానికి రమ్మంది. అన్నయ్య కూడా రమ్మన్నాడు. నేనూ రమ్మంటున్నాను. వస్తావా?"

"మీ అన్నయ్య మొహం ఎలా చూడను?"

"కుడిపక్కనుంచి చూడు. మేమంతా అలాగే చూస్తున్నాం."

బయట గడ్డి కోసే యంత్రం చప్పుడు దగ్గరకొచ్చి మళ్ళీ దూరమైంది.

అతను లేచాడు. ఆఖరి సంచి అల్మారా పైన ఉంది. అలవాటుగా కుడిచెయ్యి ఎత్తబోయాడు. భుజందాకా వచ్చి ఆగిపోయింది. ఎడమచేత్తో అందుకోవాలని మునివేళ్ళ మీద లేచాడు. అందలేదు. ఆమె కూర్చున్నచోటినుంచి కదలకుండా చూస్తోంది.

అతను వెనక్కి తిరిగాడు.

"ఆ సంచి అందడం లేదు. కాస్త దింపిపెడతావా?"

ఆమె బల్లెక్కి సంచి దింపింది. అతని చేతికివ్వలేదు. తన భుజానికే తగిలించుకుని, వెనక్కి చూడకుండా ముందు నడిచింది.